ముందు మార్జిన్ సర్దుకో

అమ్మడూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు అన్నం తిన్న తీరు ఇంకా నా కళ్లముందే ఉంది. ముద్ద కలపడం, ఫోను టింగుమనడం, ఎడంచేత్తో దాన్ని తిప్పి చూడడం. పప్పన్నం అయ్యేలోపు తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను. అందులో పనికొచ్చేవెన్ని అని అడిగితే, "ఒక్కటీ లేదు మామయ్యా" అని నవ్వేశావు. మీ అమ్మేమో "ఉద్యోగమంటే అంతేలే" అంది. కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను టైపు మిషన్ మీద మొదలుపెట్టినవాణ్ణి. మా సెక్షన్‌లో మిషన్ ఒకటి, టైపు కొట్టేవాళ్లం ముగ్గురం. ఎవరు కూర్చున్నా కాగితం ఎక్కించకముందే మార్జిన్ స్టాపులు తమకు కావలసినచోటికి జరుపుకునేవాళ్లు. అరనిమిషం పని. అది మరిచిపోతే పేజీ అంతా మళ్లీ కొట్టాల్సిందే. ఇప్పుడు నీ ముందున్న టీమ్స్, అవుట్‌లుక్, ఎక్సెల్ కూడా అంతే తల్లీ. వాటిని తయారుచేసినవాడు ఏదో ఒక కొలత పెట్టి పంపాడు. అది నీ కొలత కాదు. నువ్వేమో ఆ కొలతలోనే ఇరుక్కుని రోజంతా సర్దుకుపోతున్నావు.

మొదట ఆ టింగుల సంగతి చూడు. ఫోనులో టీమ్స్ సెట్టింగ్స్ తెరిస్తే, నోటిఫికేషన్లలో ఏ వేళల్లో, ఏ రోజుల్లో మోగకూడదో చెప్పుకునే చోటుంది. నీకు పనిలేని గ్రూపుల్ని మ్యూట్‌లో పెట్టు. రోజూ కావలసిన నాలుగు చాట్లను పైన పిన్ చేసుకో. 'డు నాట్ డిస్టర్బ్'లో ఉన్నా మీ మేనేజరు పిలుపు మాత్రం అందేలా ప్రయారిటీ యాక్సెస్‌లో ఆయన పేరు చేర్చు. అయితే ముందు ఆయనతో ఒక మాట అను: "రాత్రి ఎనిమిది దాటాక అర్జెంటైతే ఫోన్ చెయ్యండి సార్" అని. నోటితో చెప్పాల్సినది సెట్టింగు చెప్పదు.

రెండోది మెయిలు. ఒకసారి పై ఆఫీసుకి ఈ ఏడాది స్టేట్‌మెంటుకు బదులు నిరుడుది జతచేసి పంపేశాను. కంగారులో 'రీకాల్' కొట్టాను. అప్పటిదాకా చూడనివాళ్లు కూడా, ఏమిటో అంత దాచేది అని తెరిచి చూశారు! ఆ రోజే అవుట్‌లుక్‌లో ఒక రూలు పెట్టుకున్నాను: నేను పంపే ప్రతి ఉత్తరమూ రెండు నిమిషాలు అవుట్‌బాక్సులో ఆగి బయలుదేరాలని. తప్పులన్నీ 'సెండ్' నొక్కిన మరుక్షణమే కదా కనిపిస్తాయి! పాత అవుట్‌లుక్‌లో అయితే ఆ రెండు నిమిషాలూ దాన్ని మూసెయ్యకు, ఉత్తరం అక్కడే ఉండిపోతుంది. నీ సొంత జీమెయిల్లో 'అన్‌డూ సెండ్' 5 సెకన్లే ఉంటుంది, 30కి పెంచుకో.

ఇక నా ప్రాణంలాంటి ఎక్సెల్. మా సెక్షన్‌కి కొత్త కంప్యూటర్ వచ్చిన ఏడాది, ఏప్రిల్ బిల్లులన్నీ తేదీ వేసి ఎక్కించాం. తీరా చూస్తే ఏప్రిల్ 5 బిల్లు మే నెలలో కూర్చుంది. 13 నుంచి ఉన్న తేదీలన్నీ గడిలో ఎడమవైపుకి అతుక్కుపోయి ఉన్నాయి. మనం రోజు ముందు రాస్తాం, ఆ కంప్యూటర్ అమెరికా లెక్కన నెల ముందు చదువుతోంది. 13వ నెల లేదు గనక వాటిని తేదీలుగానే ఒప్పుకోలేదు. విండోస్‌లో రీజియన్‌ని ఇంగ్లిష్ (ఇండియా)కి మార్చాం. కానీ అప్పటికే తప్పుగా కూర్చున్నవి వాటంతటవి సర్దుకోవు, ఒక్కొక్కటీ దిద్దుకోవాల్సి వచ్చింది. అందుకే కొత్త మిషన్ చేతికొస్తే ముందు ఇది చూడు. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. కామాలు 1,234,567 అని కాకుండా 12,34,567 అని మన లక్షల్లో పడతాయి. వేళ్లు మడిచి లెక్కపెట్టక్కర్లేదు.

ఒకే వరస పేర్లు పదేపదే కొడుతున్నావా? ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో బాగా కిందికెళ్తే 'ఎడిట్ కస్టమ్ లిస్ట్స్' ఉంటుంది. ఒకసారి ఆ వరస ఇచ్చేస్తే చాలు. మీ అత్తయ్య గుళ్లో అర్చన పట్టీ కోసం 27 నక్షత్రాలూ అందులో ఎక్కించాను. "అశ్విని" అని కొట్టి గడి మూల పట్టుకుని కిందికి లాగితే రేవతి దాకా దిగుతాయి. అక్షరక్రమంలో కాకుండా నక్షత్రాల వరసలోనే సార్ట్ కూడా అవుతుంది. మీ అత్తయ్య నా ఉద్యోగం మొత్తంలో మెచ్చుకున్న పని ఇదొక్కటే.

అలాగని ఇవాళే కూర్చుని అన్నీ మార్చెయ్యకు. మా దగ్గర ఒకాయన ఉండేవాడు. నెలకోసారి చేసే పని రెండు నిమిషాలు తగ్గించాలని రెండు రోజులు మాక్రో రాశాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. నా లెక్క ఒకటుంది: ఒకే విసుగు రోజులో మూడుసార్లు వస్తే, దాన్ని మార్చు. వారానికి ఒకటి చాలు. మార్చినదల్లా ఒక నోటుపుస్తకంలో రాసుకో. కంప్యూటర్ మారిన రోజున అదే నీకు దిక్కు.

చివరగా ఒక్కమాట. నీ ఫైల్లో నీ ఇష్టం, పదిమంది ఫైల్లో కాదు. ఒకసారి నేను ఉమ్మడి షీటులో ఫిల్టరు వేసి తియ్యకుండా ఇంటికెళ్లిపోయాను. పక్క సీటాయన అందులో కనిపించినవే మొత్తం అనుకుని కూడేశాడు. మర్నాడు తిట్లు తిన్నది మాత్రం ఆయన. ఇప్పుడు ఎక్సెల్‌లో 'షీట్ వ్యూ', గూగుల్ షీట్స్‌లో 'ఫిల్టర్ వ్యూ' ఉన్నాయి. నీ ఫిల్టరు నీకే కనిపిస్తుంది, పక్కవాడి లెక్క చెడదు. మార్జిన్ నీకు తగ్గట్టు జరుపుకో, కానీ నీ తర్వాత ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని గుర్తుంచుకో.

ఉగాదికి తప్పకుండా రా. పక్కనే కూర్చుని మళ్లీ లెక్కపెడతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య