పాత పూత మీద కొత్త పూత

మా క్యాంపర్ అమ్మేద్దామనుకున్నాక, ఒక శనివారం పొద్దున్నే నిచ్చెన వేసుకుని దాని కప్పు మీదికెక్కాను. ఆరేళ్ల కిందట ఒహాయోలో ఒక పెద్దాయన దగ్గర కొన్న పాత బండి అది. కొన్నరోజు కప్పు మీద ఫ్యాను చుట్టూ, స్కైలైటు చుట్టూ సీలెంటు తెల్లగా మెరిసిపోతోంది. భలే చూసుకున్నాడే అనుకున్నాం. రెండో ఏడు వానలకి మంచం పక్క గోడ మెత్తబడింది.

విప్పి చూస్తే సంగతి తెలిసింది. పాత సీలెంటు పగుళ్ల మీదే ఆయన సిలికోన్ పూసేశాడు. సిలికోన్‌తో చిక్కేమిటంటే, ఒకసారి ఆరాక దాని మీద ఇంకేదీ సరిగా అంటుకోదు. పైకి బాగానే ఉంటుంది, కింద నీళ్లు వాటి దారి అవి చూసుకుంటాయి. పైగా దిగినచోటే కారవు. స్క్రూ రంధ్రంలో దిగి, ప్లైవుడ్ వెంట పాకి, ఎక్కడో అవతల మరకై తేలతాయి.

అప్పుడు స్కైలైటు వరకు బాగుచేసి సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఫ్యాను చుట్టూ పగుళ్లు. పైన ఇంకో ట్యూబు పూస్తే అరగంట పని. "కొనేవాళ్లు అడిగితే చెప్పండి. అడక్కపోతే అబద్ధం ఆడినట్టు కాదుగా?" అంది మా ఆవిడ.

ఈ తగువు కొత్తదేం కాదు. క్రీ.పూ. 44లో సిసెరో తన కొడుకు కోసం కర్తవ్యాల గురించి రాసిన పుస్తకం మూడో భాగంలో అచ్చం ఇలాంటి కథే ఉంది. ఒకాయన ఇల్లు అమ్ముతున్నాడు. కలప చెడిపోయింది, ఇల్లు కూలేలా ఉంది. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలుసు. చెప్పాలా, అక్కర్లేదా? చట్టం అడిగినంత చెబితే చాలు, చెప్పకపోవడం దాచడం కాదు అంటాడు డయోజెనీస్. దారి తప్పినవాడికి దారి చూపకపోవడం కంటే ఇది ఘోరం అంటాడు ఆంటిపేటర్. సిసెరో రెండోవాడి వైపు మొగ్గాడు. మన లాభం కోసం అవతలివాడికి తెలియకూడదని కోరుకుంటే, అది దాచడమే అన్నాడు.

డయోజెనీస్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. కొనేవాడికీ కళ్లున్నాయి. ప్రతి గీతా ఏకరువు పెడితే ఏ బేరమూ తెగదు. కానీ ఆ వాదం పగులు కనిపిస్తున్నంతసేపే నిలబడుతుంది. దాని మీద కొత్త పూత పూశాక, అతను ఎంత శ్రద్ధగా చూసినా మోసపోతాడు. మసిపూసి మారేడుకాయ చేయడానికి నోరు విప్పక్కర్లేదు.

నాలుగేళ్లుగా ఆ పెద్దాయన్ని మోసగాడనే తిట్టుకున్నాను. ఆయన నిజంగానే బాగుచేస్తున్నాననుకుని పూసి ఉండొచ్చు కదా అని ఆ శనివారమే మొదటిసారి తోచింది. సిలికోన్ సంగతి ఆయనకి తెలియకపోయి ఉండొచ్చు. నాకు తెలుసు. ఆయన చేసిన పనే నేనూ చేస్తే, ఆయనకున్న సందేహలాభం నాకు లేదు.

పాతదంతా తీయడానికి రెండు వారాంతాలు పట్టింది. హీట్ గన్‌తో కాస్త కాస్త వేడిచేస్తూ ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకాలి. ఇనుపదైతే కప్పు రబ్బరు చిరుగుతుంది. పెట్రోలియం ద్రావకాలు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, అందుకని ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచాను. ఫ్యాను చట్రం ఎత్తితే కింద అరచేయంత మేర ప్లైవుడ్ నల్లబడి ఉంది. అరగంటలో పూసేసి ఉంటే ఇది నాకూ తెలిసేది కాదు. తెలియకుండా చూసుకోవడం కూడా దాచడంలో భాగమేనేమో!

ఆ ముక్క కోసి కొత్తది వేశాను. నల్లబడ్డ చెక్క ఫోటో కూడా ప్రకటనలో పెట్టాను. అనుకున్నదానికంటే తక్కువకే పోయింది. "ఆ ఫోటో లేకపోతే ఇంకాస్త వచ్చేది" అంది మా ఆవిడ. వచ్చేదే, కాదనను.