అభినందనము ఎవరికి?

బాల్యమున నాతో ఒకే బల్లపై కూర్చుండి చదివిన స్నేహితురాలి భర్తకు మన రాష్ట్రమున మంత్రిపదవి లభించినదని తెలిసినది. సంతోషించి, "నీ అదృష్టమునకు అభినందనములు" అని ఉత్తరము మొదలిడితిని. అచట కలము నిలిచిపోయినది. పదవి ఆయనది, బాధ్యత ఆయనది. అదృష్టము ఈమెది ఎట్లయినది?

చిత్తము నిర్మలమగుటకు పతంజలి మహర్షి నాలుగు భావనలు చెప్పెను: సుఖులయెడ మైత్రి, దుఃఖితులయెడ కరుణ, పుణ్యులయెడ ముదిత, అపుణ్యులయెడ ఉపేక్ష. ఇందొక విశేషమున్నది. ముదితను, అనగా హర్షమును, ఆయన సుఖమునకు జతపరుపలేదు, పుణ్యమునకు జతపరచెను. సుఖము పొందినవారికి మనమీయవలసినది మైత్రి. అసూయకు అదియే మందు. పదవి లభించుట సుఖమే. పుణ్యమో కాదో అందు చేయు పనినిబట్టి తేలవలెను.

1956లో మహబూబ్‌నగర్ వద్ద రైలుప్రమాదము జరుగగా రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇచ్చిరి. నెహ్రూగారు అంగీకరింపలేదు. అదే సంవత్సరము నవంబరులో అరియలూరు ప్రమాదము పిమ్మట మరల ఇచ్చి పదవి విడిచిరి. లలితాదేవికి అభినందనము వ్రాయవలసిన దినము అదియే యని నా తలంపు.

నేనుండు సాల్ట్ లేక్, ఉప్పునీటి పల్లమును హుగ్లీ ఒండ్రుతో పూడ్చి కట్టిన పట్టణము. ఎవరి పేరిట దీనికి బిధాన్‌నగర్ అను పేరు వచ్చినదో ఆ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్‌గారు అవివాహితులు. ఇట్టి ఉత్తరముల బాధ వారికి లేకపోయినది! 1977 నుండి 2000 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న జ్యోతి బసుగారు ఇక్కడి ఇందిరాభవనమున పెక్కేండ్లు నివసించిరి. ఆయన పేరు ఎరుగనివారు లేరు. ఇల్లాలు కమల్ బసు పేరు ఎందరికి తెలియును?

అయినను ఇల్లాలికి పనిలేదనుట పొరపాటు. నలుడు జూదమున మునిగియుండగా పౌరులు మంత్రులతో కూడి రాజద్వారమున నిలిచిరి. సూతుడు ఆ వార్తను దమయంతికే చెప్పెను. ఆమె కన్నీటితో రాజునకు విన్నవించెను. ఆయన బదులు పలుకలేదు. వినని భర్తకు చెప్పుటయు ఆమెకు ధర్మమే అయినది.

వ్రాయుటకు సిగ్గగుచున్నది: ఆంధ్రదేశమున ఉద్యోగము చేయుచున్న మా తోడికోడలి కుమారుని బదిలీ సంగతి నేను ఉత్తరము చివర రెండు పంక్తులలో చేర్చితిని. మూడు దినములనుండి ఆమె అడుగుచుండెను. తిరిగి చదువగా, పైనున్న స్నేహమంతయు ఆ రెండు పంక్తులకు పీఠికవలె కనబడినది. కాగితము చించివేసితిని. పిల్లల క్షేమమడిగి, మా ఊరి చెరువుగట్టును జ్ఞాపకము చేసి, వాకిట నిలిచినవారి మాట ఆయన చెవిని వేయుచుండుమని కోరి, మరియొకటి వ్రాసి పంపితిని.

"మావాడు ఆ నిలిచినవారిలో ఒకడు కాడా?" అని తోడికోడలు అడిగినది. న్యాయమైన ప్రశ్నయే. ఆ పౌరులు రాజద్వారమున నిలిచిరి; నేను అతనిని దొడ్డిదారిన తీసికొనిపోవ యత్నించితిని. ఈ సమాధానము ఆమెకు రుచింపలేదు. నెల దాటినను మా నడుమ మాటలు లేవు.