క్రిస్మస్ పండుగ: నిరాడంబరత, ఔదార్యం

క్రిస్మస్‌ను ఎంత ఆడంబరంగా జరుపుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న వయసులో దాదాపు ఆ పండుగకు తోబుట్టువు. డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని స్మరించినట్టు తెలిపే తొలి ఆధారం 336 నాటి ఒక రోమన్ పట్టికలో కనిపిస్తుంది. ఆ తరువాత అర్ధ శతాబ్దం గడవకముందే, కాన్‌స్టాంటినోపుల్ నగరంలో నాజియాంజస్ గ్రెగొరీ అనే వేదాంతి క్రీస్తు జననంపై చేసిన ప్రసంగంలో వాకిళ్ల అలంకరణలను, నాట్యాలను, మితిమీరిన విందులను వద్దని హెచ్చరించాడు. ఒకే మట్టితో రూపొందిన మనుషుల్లో కొందరు ఆకలితో ఉండగా మరికొందరు అవసరానికి మించి అనుభవించడం ఈ పండుగకు తగదని ఆయన వాదం. ఉపవాసమో సంతాపమో పాటించమని ఆయన చెప్పలేదు. ఆనందించాలనే చెప్పాడు, అయితే ఆ ఆనందానికి కారణమేమిటో మరువవద్దన్నాడు.

ఈ సమతూకం తరువాతి కాలంలో అన్నిచోట్లా నిలవలేదు. ప్యూరిటన్లు, అంటే బైబిలు స్పష్టంగా ఆజ్ఞాపించని ఆచారాలన్నిటినీ సంఘం నుంచి తొలగించి ఆరాధనను శుద్ధి చేయాలని కోరిన ఆంగ్ల క్రైస్తవులు, తాగుడుకూ జూదానికీ నెలవైందన్న కారణంతోపాటు లేఖనాధారం లేదన్న కారణంతో క్రిస్మస్‌నే రద్దు చేయడానికి పూనుకున్నారు. ఇంగ్లండు పార్లమెంటు 1647లో ఆ పండుగను నిషేధించింది. అమెరికాలోని మసాచుసెట్స్ వలస రాజ్యం 1659లో దాన్ని పాటించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించి, 1681లో ఆ చట్టాన్ని ఎత్తివేసింది. పండుగలు పోవడంతో పనివాళ్లూ వృత్తి నేర్చుకునే కుర్రవాళ్లూ తమకున్న కొద్దిపాటి విశ్రాంతినీ కోల్పోయారు కాబట్టి, ఇంగ్లండు పార్లమెంటే వారికి బదులుగా నెలకొక రోజు సెలవు ఇవ్వవలసివచ్చింది. ఆడంబరాన్ని అణచాలని చేసిన ప్రయత్నపు దెబ్బ మొదటగా తగిలింది ఏమీ లేనివారికేనన్న సంగతి ఈ చరిత్రలో గమనించదగినది.

నిరాడంబరత అంటే తన కోసం, తన ప్రదర్శన కోసం చేసే వ్యయాన్ని ఇష్టపూర్వకంగా తగ్గించుకోవడం. ఔదార్యం అంటే తిరిగి రాబట్టుకునే లెక్క లేకుండా ఇతరులకు ఇవ్వడం. ఈ రెంటినీ వేరు చేస్తే రెండూ చెడతాయి: ఇవ్వడంతో ముడిపడని నిరాడంబరత పొదుపుగానో, అందరినీ తప్పుపట్టే కాఠిన్యంగానో మిగులుతుంది, తగ్గించుకోవడంతో ముడిపడని ఔదార్యం దాత పేరును చాటే మరో ఆడంబరంగా మారుతుంది. క్రిస్మస్ కథలో ఇవి రెండూ ఒకే క్రియలోని రెండు పార్శ్వాలుగా కనిపిస్తాయన్నదే ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం.

లూకా సువార్త రెండో అధ్యాయంలో, పశువుల తొట్టె అంతగా గుర్తుండిపోని ఒక వివరం ఉంది. బిడ్డ పుట్టిన తరువాత మరియ, యోసేపులు శుద్ధి ఆచారం కోసం యెరూషలేము దేవాలయానికి వెళ్లిన సందర్భంలో లూకా చెప్పే అర్పణ గువ్వల జత లేదా రెండు పావురపు పిల్లలు. లేవీయకాండము పన్నెండో అధ్యాయం ప్రకారం బాలింత దహనబలికి గొర్రెపిల్లను తేవాలి. అంత స్తోమత లేనివారికి మాత్రమే పక్షులతో సరిపెట్టుకునే వెసులుబాటు ఉంది. అంటే ఆ కుటుంబపు పేదరికం చిత్రకారుల కల్పన కాదు, అది ధర్మశాస్త్రం గుర్తించిన పేదరికం. దాన్ని మరియ, యోసేపులు కోరి తెచ్చుకోలేదు. అయితే ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలు, దైవస్వరూపుడైన క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసుకుని దాసుని రూపం ధరించాడని బోధించాడు. వేదాంతులు కెనోసిస్ అని పిలిచే ఈ భావానికి, పరుల కోసం తన ఆధిక్యతను తానే వదులుకోవడం అని అర్థం. తల్లిదండ్రులకు తప్పనిసరైన లేమిలోకి కుమారుడు ఇష్టపూర్వకంగా దిగివచ్చాడని క్రైస్తవ విశ్వాసం చెబుతోంది కాబట్టి, నెత్తిన పడిన పేదరికానికీ ఎంచుకున్న నిరాడంబరతకూ ఉన్న తేడాను ఈ పండుగ విషయంలో ఎన్నడూ మరువరాదు.

తెలుగు నేల మీద ఆ తేడా మరీ ముఖ్యం. మంచి బట్ట కట్టుకుంటే ఊరు సహించని కాలాన్ని తరతరాలుగా చూసిన కులాల నుంచే తెలుగు క్రైస్తవుల్లో అధికభాగం వచ్చారు. అటువంటి కులాలవారి పేటలో ఒక కూలి కుటుంబం క్రిస్మస్‌కు పిల్లలకు కొత్త బట్టలు కుట్టించి, ఇంటిపైన నక్షత్రం వెలిగించి, మాంసం వండుకుంటే దాన్ని దుబారా అనడం అన్యాయం. ఏడాదికొకసారి తమ గౌరవాన్ని తామే ప్రకటించుకునే హక్కు అది. నిరాడంబరత బోధ చేరవలసింది తగ్గించుకునే అవకాశం ఉన్నవారికి, అంటే డిసెంబరు పొడవునా, పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ సభలకు భారీ వేదికలూ, ఫ్లెక్సీలూ, పెద్ద సౌండ్ సిస్టమ్‌లూ ఏర్పాటు చేయగల సంఘాలకు, ఇరుగుపొరుగుతో పోటీపడి ఖర్చుపెట్టే స్థితిమంతుల కుటుంబాలకు.

ఈ విషయంలో అస్సీసి ఫ్రాన్సిస్ ఆదర్శం విలువైనది. ఆయన 1223లో ఇటలీలోని గ్రేచో గ్రామంలో ఎద్దును, గాడిదను, ఎండుగడ్డి నింపిన తొట్టెను సమకూర్పించి, క్రీస్తు జన్మించిన దీనస్థితి జనానికి కళ్లకు కట్టేలా చేశాడు. దారిద్య్రాన్ని వ్రతంగా స్వీకరించిన ఆ సాధువే క్రిస్మస్ నాడు ధనవంతులు పేదలకు కడుపునిండా పెట్టాలని, ఎద్దులకూ గాడిదలకూ మామూలుకన్నా ఎక్కువ మేత వేయాలని కోరుకున్నట్టు ఆయన జీవితకథ రాసిన చెలానో థామస్ నమోదు చేశాడు. తనకు ఏమీ అక్కరలేదనుకున్న మనిషి ఇతరుల విషయంలో సమృద్ధిని కోరడం వైరుధ్యం కాదు. ఆయన తగ్గించుకున్నదే ఆ సమృద్ధి కోసం.

ఇచ్చే పద్ధతిని కూడా సువార్తలు పరీక్షకు పెడతాయి. విందు చేసేటప్పుడు తిరిగి పిలవగల స్నేహితులను, ధనవంతులను కాక, తిరిగి పిలవలేని పేదలను, వికలాంగులను పిలవాలని లూకా సువార్త పద్నాలుగో అధ్యాయంలో యేసు బోధించాడు. దానం గుప్తంగా ఉండాలని మత్తయి సువార్త ఆరో అధ్యాయం చెబుతుంది. ఈనాటి క్రిస్మస్ తాత పాత్రకు మూలపురుషుడైన మిర నగర బిషప్పు నికొలస్, కట్నం ఇచ్చుకోలేని తండ్రి కూతుళ్ల కోసం రాత్రివేళ రహస్యంగా బంగారం విడిచి వెళ్లాడని చెప్పే పురాతన కథలోని అంతరార్థం కూడా అదే. చలి దుప్పట్లు పంచి, అందుకున్నవారి ముఖాలను ఫొటోల్లో చూపించే పద్ధతికి ఈ కథలో చోటు లేదు. ప్రతిఫలం ఆశించని దానానికి తెలుగు క్రైస్తవ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1876–78 నాటి ఘోర కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సాయం సాగుతున్న కాలంలో బాప్తిస్మాలు ఇవ్వకుండా నిలిపివేశాడు. పుచ్చుకునేవాని మనస్సాక్షిని కొనని దానమే దానమన్న సూత్రం ఆ నిర్ణయంలో ఉంది.

అయితే పేదలను ఎప్పుడూ పుచ్చుకునేవారిగానే చూడటం కూడా ఒక లోపమే. మిజోరం సంఘాల్లో 1910 నుంచి సాగుతున్న పిడికెడు బియ్యం ఆచారం దీనికి చక్కని సమాధానం: వంట చేసే ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి సంఘానికి ఇస్తుంది, అందువల్ల అతి బీద ఇల్లు కూడా దాతల వరుసలో నిలుస్తుంది. మెదక్ ప్రధాన దేవాలయం కథలోనూ ఈ గౌరవం కనిపిస్తుంది. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దాని నిర్మాణాన్ని ఆకలిగొన్నవారికి తిండి దొరికే పనిగా నడిపించగా, ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. ఆ కూలీలు భిక్ష తీసుకోలేదు, తమ చేతులతో ఒక ఆరాధనాలయాన్ని ఇచ్చారు.

వీటన్నిటి నుంచి ఆచరణకు పనికివచ్చే కొన్ని నియమాలు తేలుతాయి. పండుగకు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలాన్ని, అంటే క్రీస్తు రాక కోసం సిద్ధపడే రోజులను, కొనుగోళ్లకు బదులు ప్రార్థనకూ మితాహారానికీ కేటాయించి, మిగిలిన సొమ్మును పక్కన పెట్టవచ్చు. అప్పు చేసి పండుగ చేయనక్కరలేదని పాస్టర్లు వేదిక మీద నుంచే స్పష్టంగా చెప్పవచ్చు. సంఘం సెమీ క్రిస్మస్ సభల సంఖ్యను తగ్గించి, ఆ ఖర్చుతో ఒక విద్యార్థి ఫీజో, ఒక రోగి మందుల బిల్లో పేరు బయటపెట్టకుండా కట్టవచ్చు. క్రిస్మస్ మధ్యాహ్నం విందుబల్ల దగ్గర ఒంటరి వృద్ధులకు, వలస కూలీలకు, ఇతర మతాల పొరుగువారికి చోటు పెట్టి, వారు తెచ్చినదాన్ని కూడా సంతోషంగా తినవచ్చు, ఎందుకంటే పుచ్చుకోవడం తెలిసినవారే అవమానించకుండా ఇవ్వగలరు.

పండుగ వెలుగు తగ్గిపోతుందన్న భయం సహజమే గాని దానికి ఆధారం లేదు. పాట, కేకు, నక్షత్రం, కొత్త బట్ట వీటిలో ఏదీ దోషం కాదు. వాటి వల్ల ఎవరి ఇల్లు సంతోషించింది, ఎవరు వాకిట్లోనే మిగిలారు అన్నదే ప్రశ్న. దేవుడు తన్ను తాను తగ్గించుకోవడం వల్లనే లోకానికి వరం లభించిందని నమ్మే విశ్వాసికి, తాను తగ్గించుకున్నంత మేర మరొకరి పండుగ పెరగడంలోనే ఆ నమ్మకానికి రుజువు దొరుకుతుంది.