కేలెండరు బొమ్మ అబద్ధమాడిందా?



గత డిసెంబరులో ఒక రాత్రి, అడిగి తెచ్చిన చిన్న దూరదర్శినితో మా వీధి పిల్లలను మేడ మీదికి తీసుకొనిపోయాము. నడుమున మూడు చుక్కలు వరుసగా నిలిచే ఒరాయన్ రాశిలోని నీహారికను చూపించాము. మొదట చూచిన పాప ముఖం చిన్నబోయింది. "బూడిద మరకలాగున్నది అంకుల్! కేలెండరులో ఎర్రగా, ఊదాగా ఉన్నదే, అది అబద్ధమా?" అన్నది. మేము జవాబు చెప్పలేకపోయాము.

తరువాత ఆలోచించాము. మసక వెలుతురులో మన కన్ను రంగును పట్టలేదు; వెలుగును కూడబెట్టనూ లేదు. కెమెరా కూడబెట్టగలదు. 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ ఇదే నీహారికను 51 నిమిషాల సేపు ప్లేటు మీద పట్టి, మొట్టమొదటి నీహారిక ఫోటో తీశాడు. మన పెద్దలు పిల్లలకోడి అని పిలిచిన కృత్తికల గుంపులో, మాయా అనే నక్షత్రం చుట్టూ ఉన్న నీహారికను 1885లో పారిస్‌లో హెన్రీ సోదరులు ఫోటోలోనే కనుగొన్నారు. కనుక కంటికి కనబడనంత మాత్రాన అబద్ధమనరాదు. ఇంతవరకు చిక్కు లేదు.

చిక్కంతా 1995లో హబుల్ దూరదర్శిని తీసిన ఈగిల్ నీహారిక బొమ్మతో వచ్చింది. అందులో గంధకపు వెలుగుకు ఎరుపు, హైడ్రోజనుకు ఆకుపచ్చ, ఆక్సిజనుకు నీలం శాస్త్రజ్ఞులే కేటాయించారు. నిజానికి హైడ్రోజను, గంధకము రెండూ ఎర్రగానే వెలుగుతాయి. రెంటినీ విడదీసి చూపుటకే ఈ ఏర్పాటు. ఇది మోసమేనని మేము కొన్నాళ్లు వాదించాము. అయితే పటంలో గోదావరికి నీలిరంగు వేస్తారు గదా! వరద గోదావరి ఎర్రగా పారుతుందని తెలిసినవాడెవడూ పటాన్ని తప్పుపట్టడు. శాస్త్రజ్ఞులు తమ రంగుల లెక్కను దాచలేదు. కేలెండరు అచ్చువేసినవారు ఆ ఒక్క వరుస విడిచిపెట్టారు.

విడిచిపెట్టిన వరుస చిన్నదేమీ కాదు. వలస వచ్చిన కొత్తలో మనవారు కొందరు అరువు కోటు తొడుక్కొని, స్టూడియోలో తోట బొమ్మ తెర ముందు నిలిచి తీయించుకొన్న ఫోటోలు ఊరికి పంపేవారు. తెర సంగతి ఉత్తరంలో వ్రాసేవారు కారు. ఆ తోటను నమ్మి రైలెక్కినవారు మన కుటుంబాలలోనే ఉన్నారు. ఫోటో పంపినవారు ఒక్క అబద్ధపు మాటైనా వ్రాయలేదు. అయినను వారు నిర్దోషులని మేము అనలేకున్నాము.

మరునాడు ఆ కేలెండరు క్రింద, "ఈ రంగులు కంటికి ఇట్లు కనబడవు" అని పెన్నుతో వ్రాసి పాపకు చూపించాము. చదివి, "మళ్లీ ఆ బూడిద మరక చూపిస్తారా?" అని అడిగింది. ఆ రాత్రి మబ్బు పట్టింది.