కొట్టేసిన కేసు, తీరని బాకీ

పని చేసినవాడు జీతం బకాయి కోసం కోర్టుకు వెళ్తాడు. 'ఆధారం లేదు' అనో, 'గడువు దాటింది' అనో కేసు కొట్టేస్తారు. యజమాని గెలిచానంటాడు. 'నిజంగా ఇవ్వాల్సి ఉంటే కోర్టు ఇప్పించేది కదా' అని ఊరూ అంటుంది. కేసు పోతే బాకీ కూడా తీరిపోయినట్టేనా?

చట్టమే కాదంటోంది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం కింద, తగిన కారణం చూపితే తప్ప, ఏడాదిలోపే దరఖాస్తు పెట్టుకోవాల్సి ఉండేది. 2019 వేతనాల కోడ్ ఆ గడువును మూడేళ్లు చేసింది. కానీ 1957లో బాంబే డైయింగ్ మిల్లు కేసులో, కార్మికులకు చేరని జీతాల గురించి సుప్రీంకోర్టు ఒక సంగతి తేల్చింది: కాలదోషం పట్టిన బాకీని కోర్టులో వసూలు చేసుకోలేరు గానీ, ఆ బాకీ రద్దయిపోదు.

అలాగని సాక్ష్యం అడిగిన జడ్జిని తిట్టడం సరికాదు. సాక్ష్యం లేకుండా మనకు కూలి ఇప్పించే కోర్టు, రేపు షావుకారు నోటిమాట మీద మన భూమినీ ఇప్పించగలదు. అన్యాయం అంతకుముందే జరిగింది. హాజరు, జీతం రిజిస్టర్లు రాయాల్సింది యజమాని. అతను రాయకపోతే నష్టపోయేది మాత్రం కూలివాడు.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. షావుకారు రాసుకున్న అప్పు తాత నుంచి మనవడి దాకా బతికింది. అలాంటి వెట్టి అప్పులను 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం రద్దు చేసింది. మనకు రావలసిన కూలి మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కూలి సరిగ్గా ఇవ్వకుండా మన్యం జనంతో చాకిరీ చేయించాడు. 1922 తిరుగుబాటుకు అదీ ఒక కారణం.

కాబట్టి పనికి వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! తేదీ, పని, ఒప్పుకున్న కూలి, అందిన డబ్బు ఏ రోజుకారోజు రాసుకోండి. మేస్త్రీ ఫోన్ నంబరు, తోటి కూలీల పేర్లు కూడా రాయండి. బకాయి పడితే పండగ దాకా ఆగకుండా కార్మిక శాఖలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. టీచర్లు లెక్కల పాఠంలో వడ్డీ లెక్కతో పాటు కూలి పుస్తకం రాయడమూ నేర్పాలి.

ఇక కేసు ఓడినవాణ్ణి అబద్ధాలకోరుగా చూడకండి. రుజువు కాలేదని కోర్టు చెప్పింది; అతను పని చేయలేదని కాదు. ఆ పని జరిగిందో లేదో యజమానికి తెలుసు. కేసు గెలిచినా ఇవ్వాల్సిన బాధ్యత అతని మీదే ఉంది.