సొరపిల్లను ఎదగనిద్దాం



మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎంత కరువొచ్చినా రైతు విత్తనపు గింజలు తినడు. తింటే వచ్చే ఏడు చేను బీడే. సముద్రానికీ అదే నియమం.

నిజాంపట్నం, వాడరేవు తీరాల వారికి పాలసొర బాగా తెలుసు. బాలింతకు పాలు పడతాయని సొరపిట్టు వండి పెడతారు. కానీ సొర అన్ని చేపల్లాంటిది కాదు. చాలా చేపలు వేలకు వేలు గుడ్లు పెడతాయి. పాలసొర పిల్లల్ని కడుపులో నెలల తరబడి మోస్తుంది. కనేది కొద్ది పిల్లల్నే.

మరబోటు లాగే ట్రాలు వలకు తల్లీ పిల్లా తేడా తెలియదు. రొయ్యల కోసం వేసిన వలలోనూ సొరపిల్ల చిక్కుతుంది. పిల్ల ఎదగకముందే చచ్చిపోతే, రేపు కనేదెవరు?

వేట మానమని కాదు. మత్స్యకారుల బతుకే వేట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం ఉంది. మంచిదే. కానీ నిదానంగా పెరిగే సొరకు ఆ రెండు నెలలు చాలవు. వల కన్ను పెద్దది కావాలి. ప్రాణంతో చిక్కిన పిల్లను నీళ్లలో వదలాలి. సొరపిల్లను ఎదగనివ్వాలి.

తిమింగల సొరకు 2001 నుంచి చట్టం అండ ఉంది. చిన్న సొరల్లో చాలావాటికి ఆ అండ లేదు. వాటికి మనమే అండ.

కొనేవాళ్లకూ బాధ్యత ఉంది. చేపల అంగట్లో మూరెడైనా లేని సొరపిల్ల కనబడితే కొనకండి. అడిగేవారు లేకపోతే పట్టేవారూ తగ్గుతారు. సొరపిల్లను ఎదగనిద్దాం.