తోటిరోగి సాక్ష్యం

బరువు తగ్గటానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఆ సంగతి ఇంకొకరికి చెప్పవలసిన బాధ్యత వుందా? వుంటే ఎంతవరకు చెప్పాలి? ఇది వాళ్ళ సొంత విషయమనీ, ఇందులో నీతికి సంబంధించిన ప్రశ్న ఏమీ లేదనీ కొట్టిపారెయ్యటం తేలిక. జబ్బు సొంతమే కావచ్చు. కాని జబ్బు చుట్టూ అల్లుకున్న సిగ్గు సొంతం కాదు, అది సంఘం తయారుచేసి పెట్టింది.

మన భాషనే చూడండి. పొగరుబోతుని ఒళ్ళు కొవ్వెక్కిందంటాం, బలిసి కొట్టుకుంటున్నాడంటాం. ఒంట్లో పేరుకున్న కొవ్వుకూ గుణదోషానికీ మాటలోనే ముడి పడిపోయింది. అదే భాషలో "చిక్కిపోయావేమిటి?" అన్న పరామర్శ కూడా వుంది. అది కరువులు చూసిన జనం మాట. తిండి చాలని రోజుల్లో ఒళ్ళు చెయ్యటం కలిగినవాళ్ళకే చెల్లింది. ఇప్పుడా లెక్క తప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో మూడోవంతుకు పైగా వుండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నవాళ్ళే. వీళ్ళంతా మేడల్లో కూచునేవాళ్ళు కారు. రోజూ దొరికేది తెల్లన్నమూ పామాయిలూ అయినప్పుడు పేదరికమూ లావూ ఒకే ఇంట్లో వుండగలవు. భాష మాత్రం ఇంకా పాతచోటనే నిలబడి, లావుపాటి మనిషిని తిండిపోతనీ సోమరి అనీ తిడుతూనే వుంది.

దాచేపల్లిలో ఒకావిడ వుందనుకుందాం. నాలుగెకరాల మిరపచేను. నూట పది కిలోల బరువు, షుగరు, మెట్టెక్కనివ్వని మోకాళ్ళు. గుంటూరు వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. ఆరు నెలల్లో ముప్ఫై కిలోలు తగ్గింది. నిన్నటిదాకా "తిండి తగ్గించుకోరాదూ" అన్న నోళ్ళే ఇవాళ "ఏం జబ్బు చేసిందమ్మా?" అంటాయి. నిజం చెబితే "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది" అంటాయి. అంచేత ఆవిడ ఒక అబద్ధం చూసుకుంటుంది. పొద్దున్నే నడుస్తున్నాననీ, రాత్రిపూట జొన్నరొట్టె తింటున్నాననీ చెబుతుంది.

ఈ అబద్ధంవల్ల ఎవరికి నష్టం? వెనక వీధిలో అంతే బరువుతో, అదే షుగరుతో ఇంకో ఆవిడ వుంది. ఆ మాట నమ్మి నాగులేటి దాకా నడుస్తుంది, జొన్నరొట్టె తింటుంది. మూడు నెలలకి మూడు కిలోలు కూడా తగ్గదు. తన పట్టుదలలోనే లోపముందని తేల్చుకుని తన్ను తానే అసహ్యించుకుంటుంది. మొదటావిడ చెప్పింది తన పరువు కాపాడుకోవటానికే. కాని ఆ పరువు ఖరీదు ఇంకొకరు చెల్లించారు.

ఆపరేషన్ సంగతి నాలుగు మాటల్లో చెప్పుకోవచ్చు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్న స్లీవ్ పద్ధతిలో కడుపులో నూటికి 75-80 వంతులు కోసి తీసేస్తారు. ఆకలిని రేపే గ్రెలిన్ అనే పదార్థం ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అంటే ఆకలి పాపమూ కాదు, దాన్ని గెలవటం పుణ్యమూ కాదు. అది శరీరం నడిపించే వ్యవహారం. ఈ ఒక్క విషయం తెలిసినా సగం సిగ్గు పోవాలి. కాని తెలిసినంతమాత్రాన పోదు. అదే అనుభవం వున్న మనిషి నోట వినాలి.

డాక్టరు కాగితం రాసి ఇస్తాడు. మొదట నీళ్ళలాంటివి, తరవాత మెత్తగా మెదిపినవి, ఆ తరవాత అన్నం; భోజనంతోబాటు నీళ్ళు తాగొద్దు; జీవితాంతం విటమిన్లు, ఇనుము, కాల్షియం వేసుకోవాలి. అన్నీ నిజాలే. కాని పొడి అన్నం ముద్ద గుండెలో ఇరుక్కున్నప్పుడు పెరట్లోకి పరిగెత్తి కక్కుకుంటూ, చచ్చిపోతున్నాననుకునే మనిషికి "నాకూ ఇలాగే అయింది, ముద్ద చిన్నది చేసి ఇంకా నమలాలి" అన్న మాట కాగితంలో వుండదు. నాలుగోనెలలో జుట్టు గుప్పెళ్ళతో వూడుతుంటే, అది చాలామందికి మళ్ళీ వస్తుందని చెప్పటానికి, వచ్చిన జుట్టుతో ఎదురుగా కూచున్న మనిషికంటె మంచి సాక్ష్యం లేదు.

పెళ్ళిభోజనం సంగతి వేరే చెప్పాలి. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక్క చాపమీద కూచోబెట్టి చాపకూడు పెట్టాడని పల్నాడు గర్వంగా చెప్పుకుంటుంది. కలిసి తినటమే ఇక్కడ కలుపుకోవటం. రెండు ముద్దలకే కడుపు నిండిన మనిషి విస్తరి వదిలి లేస్తే వడ్డించేవాళ్ళకి అవమానం, ఇంటివాళ్ళకి అనుమానం. అక్కడేం చెప్పాలో, ఎలా చెప్పాలో సర్జనుకి తెలియదు. తెలియాలనటం కూడా న్యాయం కాదు.

మోకాలునొప్పికి ఊళ్ళో ఆరెంపీ దగ్గిర వేయించుకునే ఇంజెక్షనూ, నొప్పిబిళ్ళా బైపాస్ అయినవాళ్ళలో పుండు పుట్టించవచ్చు. మిరపకోతల రోజుల్లో అవి లేకుండా సాయంత్రం గడవని ప్రాంతం ఇది. "నాకు ఆపరేషన్ అయింది, ఇది వెయ్యకు" అనాలంటే ముందు ఆపరేషన్ అయిందని ఒప్పుకోవాలిగదా! ఇక్కడ సిగ్గు పరువుతో ఆగక ప్రాణానికే ముప్పు తెస్తుంది.

1935లో ఓహయో రాష్ట్రంలో ఏక్రన్ అనే పట్టణంలో ఇద్దరు తాగుబోతులు కలుసుకున్నారు. బిల్ విల్సన్ కొద్దినెలలుగా తాగుడు మాని, మళ్ళీ జారిపోతానేమోనని బెదిరిపోతున్నాడు. రెండోవాడు బాబ్ స్మిత్, స్వయంగా సర్జను. తాగుడు చేసే హాని స్మిత్‌కి తెలియక కాదు. అతనికి కావలసింది పాఠం చెప్పేవాడు కాదు, అదే గోతిలో పడి లేచినవాడు. విల్సన్ కూడా అతన్ని వుద్ధరించటానికి పోలేదు; తాను నిలబడటానికి పోయాడు. అక్కణ్ణించే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంస్థ పుట్టింది. ఆ సంస్థ దేవుడిమీద వేసే భారాన్ని మనం ఒప్పుకోనక్కర లేదు. కాని పేరు దాచుకునే హక్కునూ, లోపల నిజం చెప్పుకునే బాధ్యతనూ అది విడదీసింది. మన ప్రశ్నకి ఇది పనికొస్తుంది. పెళ్ళికావలసిన పిల్ల తన ఆపరేషన్ సంగతి ఊరంతా చాటాలనటం క్రౌర్యం. అదే జబ్బుతో తన గడప తొక్కిన మనిషికి కూడా జొన్నరొట్టె కథే చెప్పటం వేరు.

అయితే ఈ సాక్ష్యంలో ఒక మోసం జరిగే వీలుంది. ఆపరేషన్ చేసే ఆస్పత్రులే పాతరోగులను పిలిచి సభలు పెడుతుంటాయి. వాటివల్ల మేలు లేదనను. పక్కనే వైద్యుడుండటం మంచిదే, ఎందుకంటే తోటిరోగి తప్పుడు సలహా కూడా ఇవ్వగలడు. కాని వేదిక ఎక్కేదెవరు? సగానికి తగ్గి, పాత లంగా వోణీ పట్టుకుని ఫొటో దిగినవాళ్ళు. రెండేళ్ళ తరవాత పోయిన బరువులో కొంత తిరిగి రావటం సాధారణం. చర్మం వేలాడటం సాధారణం. బైపాస్ అయినవాళ్ళలో మద్యం త్వరగా తలకెక్కుతుందనీ, రెండో ఏటినుంచి తాగుడుకి లోబడేవాళ్ళు ఎక్కువవుతారనీ 2012లోనే పరిశోధకులు ప్రకటించారు. వీళ్ళెవరూ వేదికమీద కనిపించరు. సభలకు వచ్చేవాళ్ళు రానివాళ్ళకంటె ఎక్కువ తగ్గారని కొన్ని పరిశీలనలున్నాయి. రావటంవల్ల తగ్గారా, తగ్గినవాళ్ళే మొహం చూపగలిగి వస్తున్నారా? బరువు తిరిగి వచ్చినవాడు సభకి రావటానికి సిగ్గుపడితే, ఆ సభ కూడా వెనకటి ఊరే అయింది. అతనికి చోటు లేని సభలో ముందున్న కొత్తరోగి వినేది సగం నిజం. సగం నిజం విని కడుపు కోయించుకోవటానికి ఒప్పుకున్నవాణ్ణి తెలిసి ఒప్పుకున్నవాడని ఎలా అంటాం?

దాచేపల్లి ఆవిడ దగ్గిరికి వెనక వీధి ఆవిడ ఒక సాయంత్రం వచ్చి, తలుపు దగ్గిరగా వేసి, "వదినా, నిజం చెప్పు, నడిచే తగ్గావా?" అని అడుగుతుంది. ఆవిడ చెప్పవలసింది ఆపరేషన్ అయిందన్న ఒక్క ముక్కే కాదు. ముప్ఫై తగ్గానని, షుగరు మాత్రలు చాలావరకు మానేశానని, రెండో ఏట ఆరు కిలోలు తిరిగి వచ్చాయని, కాల్షియం బిళ్ళలు నెలరోజులు మానేసి డాక్టరుచేత చీవాట్లు తిన్నానని, మామిడిపండు రసం తాగి ఒకరోజు చెమటలు పట్టి పడిపోయానని, అన్నీ చెప్పాలి. విన్నావిడ ఆపరేషన్ వద్దనుకుని లేచి వెళ్ళిపోయినా సరే.